నామవాచకము క్రియయైన తీరు

వ్యాకరణములో నామవాచకము వస్తువును పేర్కొనును; క్రియ పనిని తెలుపును. కంప్యూటరు బొమ్మల ఫార్మాటులలో ఒకటైన జిఫ్‌కు ఈ రెండు ధర్మములును ఏ విధముగ పట్టినవో మనము పరిశీలింతము.

1987లో అమెరికాలోని కంప్యుసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందము జిఫ్‌ను రూపొందించినది. నెమ్మదియైన టెలిఫోను తీగలమీద రంగుల బొమ్మలు త్వరగా చేరవలెనని బొమ్మకు 256 రంగులు చాలుననుకొని, సమాచారమును కుదించిరి. అప్పటికది నిశ్చలమైన నామవాచకము వంటిదే. 1989లో వచ్చిన సవరణతో చిత్రమునకు చిత్రమునకు నడుమ వ్యవధిని నిర్ణయించు వీలు కలిగినది. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు ఆ చిత్రముల వరుసను ఆగకుండ తిప్పసాగినది. బొమ్మకు క్రియ లభించినది. కాని అది మన 'వచ్చి', 'చూచి' వంటి అసమాపక క్రియ. ఎన్నిమారులు తిరిగినను ముగింపునకు రాదు.

ఇంతలో చిక్కు వచ్చినది. కుదింపు పద్ధతిపై పేటెంటు గల యూనిసిస్ సంస్థ 1994 చివర రుసుము కోరినది. అందుకు బదులుగా 1996లో పి.ఎన్.జి. అను స్వేచ్ఛా ఫార్మాటు వెలువడినది. అది నిశ్చల చిత్రములకే ఏర్పడినది. కావున కదలు బొమ్మలకు జనులు జిఫ్‌ను విడువలేదు. 2003లో అమెరికాలో ఆ పేటెంటు గడువు తీరినది. 2012లో ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువులవారు 'జిఫ్'ను ఆ యేటి మాటగా ఎన్నుకొనిరి. అదియును నామవాచకముగా గాక, క్రియగా!

వస్తువుపై హక్కు కొన్నాళ్లు ఒకరికి చెల్లవచ్చును. జనుల వాడుకలో పుట్టిన క్రియకు మాత్రము ఎవ్వరును రుసుము విధింపజాలరు.