పెట్ సీసా ఆవిర్భావం: పదార్థగుణం, అచ్చు పద్ధతి

వ్యాససంగ్రహం:
పాలిఇథిలీన్ టెరెఫ్తాలేట్ (పెట్) 1941లో ఆవిష్కృతమైంది. దానితో చేసిన సీసాకు అమెరికాలో పేటెంటు లభించింది 1973లో. ఈ మూడు దశాబ్దాల వ్యవధికి యంత్రాల కొరత కన్నా, పదార్థగుణాన్ని రెండు దిశల్లో వినియోగించుకొనే పద్ధతి తెలియకపోవడమే ప్రధాన కారణమని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పెట్, అణుశృంఖల, ప్రీఫారం, సాగదీత, నేథనియల్ వైయత్.

1. ఉపోద్ఘాతం:
వస్తువుల చరిత్రలో ఆవిష్కర్తకూ యంత్రానికీ దక్కే ప్రాధాన్యం పదార్థానికి దక్కడం అరుదు. ప్లాస్టిక్ సీసా చరిత్రలో ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది. గాజును ఊది సీసా చేయడం ప్రాచీన విద్య. 1940లలో అమెరికాలో అదే సూత్రంతో పాలిథీన్ సీసాలు వెలువడ్డాయి. మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టాన్ని అచ్చులో బిగించి లోపలికి గాలి ఊదేవారు. ఆ సీసాలు కిందపడినా పగిలేవి కావు. అయితే సోడా వంటి పానీయాలకు అవి పనికిరాలేదు. కార్బన్ డయాక్సైడ్ పాలిథీన్ గోడ గుండా తేలికగా బయటికి పోతుంది. దాని పీడనానికి సీసా ఉబ్బిపోతుంది.

2. పోగు నుంచి సీసాకు:
మాంచెస్టర్‌లోని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసిన విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు పెట్‌ను కనుగొన్నది బట్టల కోసం. అది బ్రిటన్‌లో టెరిలీన్‌గా, అమెరికాలో డాక్రాన్‌గా ప్రసిద్ధమైంది. తెలుగువారికి కూడా ఈ పదార్థం సీసా కన్నా ముందు 'టెరిలిన్' చొక్కాగానే పరిచయం. పోగును లాగినప్పుడు దానిలోని అణుశృంఖలలు లాగిన దిశలో బారులు తీరుతాయి. అందువల్ల బలం పెరుగుతుంది.

డ్యూపాంట్ సంస్థ ఇంజనీరు నేథనియల్ వైయత్ ఈ సూత్రాన్నే సీసాకు అన్వయించాడు. నేత పరిభాషలో చెప్పాలంటే, పోగు సాగదీతలో ఉన్నది పడుగు మాత్రమే. వాయుపీడనాన్ని తట్టుకోవలసిన సీసాకు పేక కూడా కావాలి. పైగా స్తూపాకార పాత్ర గోడలో చుట్టుదిశలో కలిగే ఒత్తిడి నిలువుదిశలోని ఒత్తిడికి రెట్టింపు. అందుచేత వైయత్ ఒకదానినొకటి ఖండించుకొనే మరచుట్ల గాడులున్న అచ్చుతో ప్రయోగాలు చేశాడు. తరువాత పాలిప్రొపిలీన్‌కు బదులు పెట్‌ను వాడాడు. పారదర్శకమూ దృఢమూ అయిన సీసా అలా సాధ్యమైంది.

3. గుణాన్ని అనుసరించిన క్రమం:
నేటి తయారీలోని ప్రతి దశకూ పదార్థగుణమే కారణం. ముందుగా పెట్ గుళికలను పూర్తిగా ఆరబెడతారు. తేమ మిగిలితే కరిగే వేడిలో అది అణుశృంఖలలను తెంచుతుంది, సీసా బలహీనమవుతుంది. కరిగిన పెట్‌ను చల్లని అచ్చులోకి ఎక్కించి, పరీక్షనాళికను పోలిన ప్రీఫారం చేస్తారు. మూత బిగించే మరలు ఈ దశలోనే పూర్తవుతాయి. చల్లార్చడం వేగంగా జరగాలి. ఆలస్యమైతే స్ఫటికాలు ఏర్పడి ప్రీఫారం పాలవలె తెల్లబడుతుంది, సరిగా సాగదు.

తరువాత ప్రీఫారాన్ని సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తారు. లోపలి కడ్డీ దానిని నిలువుగా సాగదీస్తుంది. అధికపీడన వాయువు చుట్టూ విస్తరింపజేస్తుంది. ఇక్కడ పెట్‌కు ఒక విశిష్టగుణం ఉంది. ఎక్కువ సాగిన చోటు బిగుసుకొని, సాగని చోటుకు వంతు ఇస్తుంది. అందువల్లనే గోడ మందం చాలావరకు సమంగా వస్తుంది. మరిగే నీరు పోస్తే మామూలు పెట్ సీసా ముడుచుకుపోవడానికీ కారణం ఇదే ప్రక్రియలో ఉంది. సుమారు 75 డిగ్రీలు దాటగానే సాగదీసిన శృంఖలలు సడలి వెనక్కి ముడుచుకుంటాయి.

4. ముగింపు:
సీసా రూపాన్ని యంత్రం ఒక్కటే నిర్ణయించలేదు. పదార్థం అనుమతించిన మార్గంలోనే యంత్రం రూపొందింది. వాడిపారేసిన సీసాల పునర్వినియోగంలోనూ ఇదే సత్యం కనిపిస్తుంది. కరిగించిన ప్రతిసారీ అణుశృంఖలలు కొంత కురచవుతాయి. సీసాకు కావలసినంత పొడవైన శృంఖలలు బట్టల పోగుకు అక్కర లేదు. అందుకే పాత సీసాలలో చాలాభాగం పోగుగా మారుతోంది. పోగుగా పుట్టి సీసాగా మారిన పదార్థం తిరిగి పోగుకే చేరుతోంది. పునర్వినియోగాన్ని కేవలం ప్రజల అలవాట్ల సమస్యగా చూసే చర్చలు ఈ పదార్థచరిత్రను కూడా పరిగణనలోకి తీసుకోవలసి ఉంది.