నెట్‌వర్క్ కొత్తది, జేబు మాత్రం పాతదే

కొత్త నెట్‌వర్క్ వస్తే ఫోన్ ఖర్చు తగ్గుతుందని 3జీ వచ్చినప్పుడు విన్నాం, 4జీ వచ్చినప్పుడు విన్నాం, 5జీకీ విన్నాం. బెజవాడ వన్‌టౌన్‌లోనైనా, బందరులోనైనా ఇంటికి నాలుగు ఫోన్లు, నాలుగు రీచార్జులు. మరి ఈ మాట సచ్చా, ఝూటా? ముప్పై ఏళ్ల హిసాబ్ విప్పి చూద్దాం.

1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రాంకు చేసిన కాల్‌తో మన దేశంలో మొబైల్ జమానా మొదలైంది. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన కాల్‌కీ పైసలే! ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొదట రెండే కంపెనీలు: టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. సెల్ అంటే సేఠ్‌ల సామాను.

మరి రేట్లు ఎలా పడ్డాయి? 1999 టెలికాం పాలసీ భారీ లైసెన్సు ఫీజులు తీసేసి, ఆదాయంలో వాటా పద్ధతి తెచ్చింది. 2002లో బీఎస్ఎన్ఎల్, ఆ ఏడాది చివర్లో రిలయన్స్ మైదానంలోకి దిగాయి. 2003లో ఇన్‌కమింగ్ ముఫ్త్ అయింది. 2009లో టాటా డొకోమో సెకనుకు ఒక పైసా అంది. అది నడిచింది కూడా 1995 నాటి 2జీ జీఎస్ఎం మీదే. అంటే రేటును కిందికి లాగింది కంపెనీల మధ్య ముకాబ్లా.

2010లో 3జీ వేలంలో కంపెనీలు 67 వేల కోట్లకు పైగా పోశాయి. కొత్త టెక్నాలజీ వచ్చినా డేటా మాత్రం మహంగానే ఉండిపోయింది. 2016 సెప్టెంబర్‌లో జియో 4జీతో వచ్చింది. ఇందులో మాట కూడా డేటాగానే వెళ్తుంది, కాబట్టి కాల్‌కి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఆ ఫాయిదా మన దాకా రావడానికి కారణం, కొత్త కంపెనీకి గ్రాహకులు కావాలి. 2018 నాటికి ఒక జీబీ 12 రూపాయల దగ్గరికి దిగింది.

ఆ దెబ్బకు ఆర్‌కామ్, ఎయిర్‌సెల్ మూతపడ్డాయి. వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. చివరికి ప్రైవేటులో మిగిలింది మూడే. 2022 డిసెంబర్‌లో బెజవాడకు 5జీ వచ్చింది. 2024 జూలైలో ముగ్గురూ రోజుల తేడాతో రేట్లు పెంచారు. జియోలో 155 ప్యాక్ 189 అయింది, ఎయిర్‌టెల్‌లో 179 ప్యాక్ 199కి చేరింది.

ఇందులో ఎక్కువ నుక్సాన్ ఎవరికి? కీప్యాడ్ ఫోన్ పట్టుకుని, గల్ఫ్‌లో ఉన్న బేటా ఫోన్ కోసం ఎదురుచూసే అమ్మీలకు. 2018 చివర్లో 35 రూపాయల రీచార్జితో సిమ్ బతికేది. 28 రోజులకోసారి 199 అంటే ఏడాదికి 13 సార్లు, 2,587 రూపాయలు. కాల్స్ అపరిమితమే, కానీ ఆమె మాట్లాడేది ఎంత? 5జీ ఆమెకు ఏమిచ్చింది?

టెక్నాలజీ కంపెనీ ఖర్చు తగ్గిస్తుంది. ఆ తగ్గింపు మన జేబు దాకా రావాలంటే ముకాబ్లా ఉండాలి, పైన ఖాయదా ఉండాలి. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ డేటా లేని, కాల్స్, ఎస్ఎంఎస్‌ల ప్యాకులు పెట్టాలని ఆదేశించింది. అమ్మీ సిమ్‌కి ఆ ప్యాకే అడగండి. నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2011 నుంచీ మనకుంది. అదేమీ కంపెనీల మెహర్బానీ కాదు. అవసరమైతే వాడండి.