బేగంపేట నుండి శంషాబాదు వఱకు

మృగశిరలో తొలకరి పడునా, ఆర్ద్రలో వాన నిలుచునా యని ఆకాశము వంక చూచు కర్షకునకు కార్తె లెక్క చాలును. నేలకు దిగనున్న వైమానికునకైతే రాబోవు అరగంటలో గాలి ఏ దిక్కునకు మరలునో, మేఘము అడుగు ఎంత ఎత్తున నున్నదో, రన్‌వే ఎంత దూరము నుండి కనబడునో తెలియవలెను. ఈ యవసరమే హైదరాబాదులో వాతావరణ పరిశీలనమును విమానాశ్రయముతో ముడివేసినది.

బేగంపేటలో ఆకాశమును పరికించుట విమానముల రాకకు పూర్వమే యారంభమైనది. నవాబు జఫర్ జంగు 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరము ప్రభుత్వాధీనమై బేగంపేటకు తరలి, నక్షత్రపటములను సిద్ధపఱచు అంతర్జాతీయ కార్యమున పాలుగొన్నది. 1930ల దశకమున అచ్చటనే ఏరో క్లబ్బుతో విమానక్షేత్రము వెలసెను. 1945లో స్థాపితమైన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థకు అది నెలవై, 1953 జాతీయీకరణమున ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైన పిదపను దినదినాభివృద్ధి నొందెను.

1864 నాటి కలకత్తా తుపాను, అనంతర క్షామములు కారణముగా 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు చెందిన హైదరాబాదు కేంద్రము ఈ బేగంపేటలోనే నెలకొన్నది. భారమితిని చదువుట, ఆకాశమును ఎనిమిది పాళ్లుగా భావించి అందెన్ని పాళ్లు మేఘావృతమో వ్రాయుట, హైడ్రోజన్ బెలూనును విడిచి థియొడొలైటుతో దాని గమనమును వెంబడించి పైగాలుల దిశావేగములను గణించుట పరిశీలకుల నిత్యవిధులు. రేడియోసాండులును డాప్లర్ రాడారును వచ్చిన పిమ్మట, వేసవి సాయంకాలములందు హఠాత్తుగా లేచు క్యుములోనింబస్ మేఘముల జాడ ముందుగానే తెలియ నారంభించెను.

2008 మార్చి 14న ప్రారంభోత్సవము జరుపుకొని, 23న రాకపోకలకు తెరవబడిన శంషాబాదు విమానాశ్రయము వేఱొక నేల, వేఱొక గాలి. బేగంపేట సముద్రమట్టమునకు 531 మీటర్ల ఎత్తున నుండగా, ఇది 617 మీటర్ల ఎత్తున నున్నది. అందుచే ఇచ్చటి వాయుపీడనము దాదాపు పది మిల్లీబార్లు తక్కువ. విమానములోని ఎత్తుకొలత పీడనము మీదనే ఆధారపడునది గనుక స్థానిక పీడనమును ఎప్పటికప్పుడు తెలుపక తప్పదు. తూర్పు పడమరలుగా సాగిన 4260 మీటర్ల రన్‌వేపై, పడమటి గాలులు వీచు వర్షకాలమున విమానములు సాధారణముగా తూర్పు నుండి వచ్చి పడమటి ముఖముగా దిగును. తూర్పుగాలి తిరిగినచో ఈ క్రమము మారును. చలికాలపు వేకువలందు పొగమంచు క్రమ్మినప్పుడు పరిశీలకుని మాట మీదనే విమానముల రాకపోకలు ఆధారపడును.

రన్‌వేను కొలది సంవత్సరములలో నిర్మింపవచ్చును గాని, ఒక చోటి వాతావరణ చరిత్రను అట్లు నిర్మింప సాధ్యము కాదు. ఒక ప్రదేశపు సగటు వాతావరణమును నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు ముప్పది సంవత్సరముల లెక్కలు కోరుదురు. 2008 నుండి గణించినను శంషాబాదునకు ఆ గడువు నిండుట 2038లోనే. చుట్టును నగరము పెరిగి నేల వేడెక్కిన తీరు తెలియవలెనన్నచో బేగంపేట పాతలెక్కలకు నేటి లెక్కలు అదే స్థలమున జతపడవలెను. కావున ప్రయాణికుల విమానములు తరలిపోయినను, బేగంపేటలోని పరికరములను కదలింపరాదు. రెండు చోట్లను పరిశీలనము ఒక్కదినమైనను తెగకుండ సాగవలెను.