పొగ నల్లగా లేకపోతే చాలా?

లండన్‌కి ఆన్‌సైట్ వెళ్ళిన మనవాళ్ళలో టేట్ మోడర్న్ ముందు ఫోటో దిగనివాళ్ళు తక్కువే. నేనూ దిగాను. టికెట్ లేదు కదా అని లోపలికీ వెళ్ళాను. బొమ్మలు నాకు అట్టే అర్థం కాలేదుగానీ, కింద ఉన్న పెద్ద గుండ్రటి గదుల దగ్గర మాత్రం ఆగిపోయాను. అవి ఒకప్పటి ఆయిల్ ట్యాంకులట! 2012లో గ్యాలరీలుగా మార్చారు. ఆ బిల్డింగ్ అసలు పేరు బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. 1952 నుంచి 1981 దాకా కరెంటు తీసింది. బొగ్గుతో కాదు, వేడి చేస్తేగానీ సరిగా పారని హెవీ ఫ్యూయల్ ఆయిల్‌తో.

అదే 1952 డిసెంబరులో లండన్‌ని పొగమంచు కమ్మేసి వేలమంది చనిపోయారు. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. మరి పొగని కొలిచేదెలా? రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ప్రొఫెసర్ 1888లో తయారుచేసిన కార్డుతో. తెల్ల కాగితం మీద నల్ల గీతల గళ్ళు. దూరం నుంచి చూస్తే బూడిదరంగులా కనిపిస్తాయి. దాన్ని చిమ్నీ పొగతో పోల్చి నంబరు వెయ్యాలి. 2 గానీ అంతకంటే ఎక్కువగానీ వస్తే చట్టం దృష్టిలో అది ముదురు పొగ (డార్క్ స్మోక్).

చిక్కెక్కడంటే, ఆయిల్ బాగా మండితే పొగ పెద్దగా కనపడదు. గంధకం మాత్రం ఎక్కడికీ పోదు. లెక్క సింపుల్: ఆయిల్‌లో 3 శాతం గంధకం ఉంటే, 100 టన్నులు కాల్చినప్పుడు దాదాపు 6 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు. కార్డు పట్టుకుని ఎంతసేపు చూసినా సున్నానే.

దీన్ని పట్టుకోడానికి వేరే పద్ధతి ఉండేది. గాలిని హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంలోంచి పంపితే సల్ఫర్ డయాక్సైడ్ సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఎంతుందో క్షారంతో తూచేవాళ్ళు. 1961లో బ్రిటన్ దేశమంతా మొదలెట్టిన సర్వేలో వాడింది ఇదే. ఇందులోనూ ఓ బగ్ ఉంది: గాలిలో అమ్మోనియా ఉంటే ఆమ్లాన్ని తినేసి రీడింగ్ తక్కువ చూపిస్తుంది.

బ్యాంక్‌సైడ్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి పొగని థేమ్స్ నీళ్ళతో కడిగారు. నదికి అవతల సెయింట్ పాల్ చర్చి ఉంది మరి! చిమ్నీలో గంధకం బాగా తగ్గింది. కడిగిన నీళ్ళు మాత్రం మళ్ళీ థేమ్స్‌లోకే. పైగా తడిసి చల్లబడ్డ పొగ పైకి లేవదు, దగ్గర్లోనే కిందకి దిగుతుంది. చిమ్నీలో రీడింగ్ తగ్గింది కదా అని టికెట్ క్లోజ్ చేసేస్తే, పక్క వీధిలో దగ్గేవాడు ఏ రిపోర్టులో కనిపిస్తాడు?