మూసుకునే తలుపు: మానసిక గాయాల చికిత్స ఇంటికి చేరిన చరిత్ర



ఒంటికి తగిలిన గాయం కంటికి కనిపిస్తుంది. యుద్ధం, భూకంపం, రోడ్డు ప్రమాదం, లైంగిక దాడి వంటివి మనసుకు చేసే గాయం కనిపించదు. ఏళ్ళు గడిచినా ఆ సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్లు గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు, ఆ దారిన నడవాలంటేనే కాళ్ళు రావు. వైద్యులు దీనిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, క్లుప్తంగా పి.టి.ఎస్.డి. అంటారు. ఈ గాయానికి చికిత్స జరిగే చోటు వందేళ్ళలో ఎలా మారుతూ వచ్చిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీనికి ఉన్న పేరు షెల్ షాక్. 1915లో ఛార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు వైద్య పత్రికలో ఈ మాట వాడాడు. ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనే భవనంలో సైనికాధికారులకు చికిత్స జరిగేది. గమనించండి, అధికారులకు మాత్రమే! అక్కడి వైద్యుల్లో ముఖ్యుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. అంతకు ముందు మన నీలగిరుల్లో తోడా జాతి వారి జీవితాన్ని అధ్యయనం చేసినవాడు ఈయనే. భయంకరమైన జ్ఞాపకాన్ని బలవంతంగా అణచివేయడం కంటే, నమ్మకమైన మనిషి ఎదుట కొద్దికొద్దిగా బయటికి చెప్పుకోవడమే మేలని రివర్స్ అభిప్రాయం. తరువాత వచ్చిన చికిత్సల్లో చాలావాటికి ఈ ఆలోచనే మూలమని చెప్పవచ్చు. పి.టి.ఎస్.డి. అనే పేరు మాత్రం వియత్నాం యుద్ధం ముగిశాక, 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథంలోకి వచ్చింది.

ఆ నమ్మకమైన మనిషి అదే గదిలో ఉండాలా? ఈ ప్రశ్నను మొదట కదిపింది టెలివిజన్. 1959లో అమెరికాలోని నెబ్రాస్కాలో రెండువైపులా మాట్లాడుకునే టెలివిజన్ ద్వారా మనోవైద్యం ప్రయత్నించారు. 1964లో అక్కడి నుంచి 112 మైళ్ళ దూరంలోని ఆసుపత్రికి అనుసంధానం చేశారు. అయితే రోగి ఇంట్లో లేడు, అటు చివర ఉన్నది కూడా ఆసుపత్రే. మన దేశంలోనూ దూరవైద్యం అలాగే మొదలైంది. 2000లో చిత్తూరు జిల్లా అరగొండ ఆసుపత్రిని నగర వైద్యులతో కలిపారు. 2004 సునామీ తరువాత చెన్నైలోని స్కిజోఫ్రీనియా రిసర్చ్ ఫౌండేషన్ దూరం నుంచి మనోవైద్యం చేపట్టి, 2010లో పుదుక్కోట్టై జిల్లాలో ఒక బస్సునే సంచార వైద్యశాలగా మార్చింది. తీవ్రమైన మానసిక వ్యాధులున్న వారు బస్సులో కూర్చుంటే చెన్నైలోని వైద్యుడు తెర మీద కనిపించేవాడు. లక్ష జనాభాకు ఒక మనోవైద్యుడు కూడా లేని దేశానికి అది చిన్న మేలు కాదు.

ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ముఖం చూపనిది కావడం విశేషం. 1990ల చివర ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ లాంగే బృందం ఇంటర్నెట్ ద్వారా రాత చికిత్స రూపొందించింది. బాధితుడు వారానికి రెండుసార్లు ముప్పావు గంట చొప్పున తన అనుభవాన్ని రాస్తాడు, చికిత్సకుడు చదివి జవాబు రాస్తాడు. ఇలా ఐదు వారాలు. ఈ పద్ధతినే అరబ్బీలోకి మార్చి, యుద్ధంతో నలిగిన ఇరాక్ తదితర దేశాల వారికి అందించారు. 159 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి, చికిత్స పొందినవారి లక్షణాలు బాగా తగ్గాయి. వీధిలోకి వెళ్ళడమే ప్రాణాపాయమైన చోట, చికిత్సాలయానికి రమ్మని ఎవరిని అడగగలం?

ముఖాముఖి వీడియో చికిత్స కూడా పరీక్షకు నిలిచింది. గాయపడిన జ్ఞాపకాన్ని పదేపదే చెప్పించే పద్ధతిని మాజీ సైనికులకు ఇంటి నుంచే అందించి, ఆసుపత్రి చికిత్సతో పోల్చిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. పి.టి.ఎస్.డి. తగ్గుదలలో ఇంటి చికిత్స వెనుకబడలేదు. కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకొనే ఇ.ఎం.డి.ఆర్. పద్ధతికి తెర పెద్ద అడ్డు కాలేదు. 1997లో మెక్సికోలోని అకాపుల్కోను తుఫాను ముంచెత్తాక, అక్కడి పిల్లల కోసం చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకొని తమను తామే తట్టుకొనే ఒక ఉపాయం పుట్టింది. శిబిరం కోసం పుట్టిన ఆ ఉపాయం తెర ముందు కూడా పనికివచ్చింది.

మరి ఇబ్బంది ఎక్కడ? నా దృష్టిలో అది యంత్రంలో లేదు, ఇంట్లో ఉంది. 2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజునే, మన ప్రభుత్వం టెలీమెడిసిన్ నియమావళిని ప్రకటించింది. అదే ఏడాది నిమ్హాన్స్, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ తదితరులు మనోవైద్యానికి ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చారు. చట్టపరంగా దారి తెరుచుకుంది. కాని రెండు గదుల ఇంట్లో అత్తమామలు, పిల్లలు, టీవీ మోత మధ్య ఒక యువతి తన మీద జరిగిన దాడి గురించి ఏ మూల కూర్చుని చెప్పుకోగలదు? కొట్టే మనిషి పక్క గదిలోనే ఉంటే? ఆ నెలల్లోనే గృహహింస ఫిర్యాదులు పెరిగి, జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరు పెట్టవలసి వచ్చింది. అలాంటి ఇంట్లో మాట్లాడి ఫిర్యాదు చేయడం కంటే చప్పుడు లేకుండా రాసి పంపడమే సులువు.

అందుకే అనుభవజ్ఞులైన చికిత్సకులు మొదట గాయం గురించి అడగరు. మీరు ఇప్పుడు ఏ చిరునామాలో ఉన్నారు, ఇంట్లో ఎవరున్నారు, తలుపు మూసుకుంటుందా, ఇయర్‌ఫోన్ ఉందా, అవసరమైతే మేము పిలవదగ్గ మనిషి ఎవరు అని అడుగుతారు. ఎవరైనా గదిలోకి వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు పదం పెట్టుకుంటారు. లైన్ తెగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే అనుకుంటారు. తెర మీద ముఖమే కనిపిస్తుంది, వణుకుతున్న కాళ్ళు కనిపించవు కనుక, "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అని మాటిమాటికీ అడగవలసి వస్తుంది. సెషన్ ముగిశాక ఇంటికి వెళ్ళే దారి కూడా ఉండదు. కన్నీళ్ళు తుడుచుకొని తలుపు తీస్తే ఎదురుగా వంటగదే. చివరి పది నిమిషాలు మనసును స్థిమితపరచడానికే కేటాయించడం ఇందుకే.

2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. వారం వారం సాగే ట్రామా చికిత్స దీని పని కాదు. మొదట ఎవరో ఒకరితో మాట్లాడి, అవసరమైన వైద్యుడి దగ్గరకు దారి తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. మొదటి రెండేళ్ళు ఇది ఫోను మాటలకే పరిమితం. 2024 అక్టోబరులో కర్ణాటక, తమిళనాడు, జమ్మూ కాశ్మీర్‌లలో వీడియో సౌకర్యం మొదలుపెట్టారు. నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇంట్లో తలుపు మూసుకునే గది లేనివారు ఫోను పట్టుకొని డాబా మీదకు వెళ్ళి కూడా మాట్లాడుకోవచ్చు.