కోరంగి దీపము

కాకినాడకు దక్షిణమున, గౌతమీ పాయయైన కోరంగి యేటి యొడ్డున, కోరంగి యను గ్రామము కలదు. నేడచ్చట మడ అడవులును చేపల పడవలును కన్పించును గాని, ఒకప్పుడది ఓడల నిర్మాణమునకు పేరొందిన రేవు. 1839 నవంబరునాటి ఉప్పెన ఆ రేవును ధ్వంసము చేసెను. రేవు నశించినను పేరు నశింపలేదు. సముద్రమున కావల, మారిషసు ద్వీపమున, తెలుగువారిని చిరకాలము "కోరంగివారు" అని పిలిచిరి. ఒక యూరి పేరు ఒక సంఘమునకు పేరైనది.

ఆ పేరు అచ్చటికి ఓడలలో పోయినది. 1835లో మారిషసున బానిసత్వము తొలగింపబడెను. ఆ మార్పును ముందే యెరిగిన చెరకుతోటల యజమానులు 1834 నుండియే భారతదేశమునుండి ఒడంబడిక కూలీలను రప్పించుకొనసాగిరి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళవరకు నాలుగున్నర లక్షలకు పైగా జనులు ఆ ద్వీపము చేరిరి. అందు తెలుగువారు కొలదిమందియే. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియైనది. తొలి యోడలెక్కినవారు ఆ కాలువల నీటిని చూడనే లేదు.

వారి పేర్లు ఇచ్చటి గ్రామలెక్కలలో దొరకుట యరుదు. అడంగలునకు కావలసినది పొలము, పంట, శిస్తు. సెంటు భూమిలేనివాడు ఊరు విడిచిపోయినచో లెక్కలో ఒక్క యక్షరమైనను మారదు. మారిషసునందు మాత్రము వచ్చిన ప్రతి కూలీకిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు వ్రాసికొనిరి. 1860 దశకమునుండి ఛాయాచిత్రములును తీసిరి. అది దయచే చేసినది గాదు. కూలీ తప్పించుకొని పోకుండుటకు చేసినది. అయినను ఆ దస్తరములే నేడు మోకా పట్టణమునందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. మునిమనుమలు తమ యూరి పేరును వానియందే వెదకుకొనుచున్నారు.

దస్తరమున కెక్కని సొత్తు వేరొకటి కలదు. అది రామభజనము. రాత్రివేళ నడుమ దీపముంచి, దాని చుట్టును వలయముగా తిరుగుచు, పాడుచు, అడుగులు వేయుదురు. గోదావరి పల్లెల భజనకూటములను ఎరిగినవారికి ఇది క్రొత్తగాదు. అక్షరము రాని కూలీలు పాటను నోటినుండి నోటికే అందించిరి. నేడచ్చటి తెలుగువారిండ్లలో వాడుకభాష క్రియోలు. మాట మారినది, పాట నిలిచినది. రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును తెనిగించునాటికి రాజరాజనరేంద్రుని ఆదరము కలదు. ఈ కూలీల పాటకు చెరకుతోటలో ఏ రాజు ఆదరమును లేదు.

ఒకనాడు తోటపని ముగిసిన పిమ్మట గుడిసెల నడుమ సాగిన పాట నేడు బహిరంగ సభల కెక్కినది. 1968లో స్వతంత్రమైన ఆ దేశమున ఉగాది సెలవుదినము. ఆనాడు పిల్లలు తెలుగు పాటలను, నృత్యములను అందరి యెదుట ప్రదర్శింతురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. కూలీలు తొలుత అడుగిడిన పోర్టు లూయిస్ రేవునందలి ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. కూలీ బిడ్డయని తలవంచుకొనవలసిన పనిలేదని ఈ ప్రదర్శనములు చాటుచున్నవి.

ఇచ్చటి స్థితి యెట్లున్నది? డెల్టా గ్రామములనుండి నేడును గల్ఫు దేశములకు, అమెరికాకు, హైదరాబాదునకు జనులు పోవుచునే యున్నారు. ఊరిలో మిగిలినవారు భజనపాటలను మరచుచున్నారు. పోయినవారు నిలుపుకొనినదానిని ఉన్నవారు పోగొట్టుకొనుట తగునా?

పాతికేండ్లు నిండిన గ్రంథాలయమునకు పెద్ద ఖర్చులేని పని యొకటి కలదు. ఒక బౌండు పుస్తకము తెరచి, ఊరు విడిచిన ప్రతివాని పేరును, తండ్రిపేరును, వాని యింట పాడుకొను పాటను వ్రాసియుంచవలెను. భూమిలేనివారి పేర్లు ముందుగా వ్రాయవలెను. నూరేండ్ల పిమ్మట ఏ దేశమునుండియో ఒక బిడ్డ వచ్చి అడిగినచో, ఆ పుస్తకము తీసి చూపుటకు వీలగును.