కరీంనగర్ రైల్వే స్టేషన్: ఆధునికీకరణ, రవాణా అనుసంధానం

కరీంనగర్ రైల్వే స్టేషన్ తెలంగాణలోని కరీంనగర్ జిల్లా కేంద్రంలో, పెద్దపల్లి–నిజామాబాద్ మార్గం మీద ఉంది. దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్ దీన్ని నిర్వహిస్తుంది. అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దాదాపు 26 కోట్ల రూపాయలతో ఆధునికీకరించిన ఈ స్టేషన్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2025 మే 22న ప్రారంభించారు. అదే రోజు దేశమంతటా ప్రారంభమైన 103 స్టేషన్లలో తెలంగాణకు చెందిన బేగంపేట, వరంగల్, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సూళ్లూరుపేట కూడా ఉన్నాయి.

ఈ ఊరికి రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. నిజాం పాలనలోనే కాజీపేట–బల్లార్షా మార్గం పెద్దపల్లి మీదుగా సాగిపోయినా, జిల్లా కేంద్రానికి మాత్రం పట్టాలు పడలేదు. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ వరకు సుమారు 177 కిలోమీటర్ల మార్గానికి 1993లో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేశారు. ఆయన స్వగ్రామం వంగర అప్పట్లో కరీంనగర్ జిల్లాలోదే. పని విడతలుగా సాగింది. ముందు కరీంనగర్‌కు, తర్వాత జగిత్యాలకు, చివరకు 2017లో నిజామాబాద్‌కు రైలు చేరింది. ఒక ప్రధాని సొంత జిల్లాలో వేసిన మార్గానికే ఇరవై నాలుగేళ్లు పట్టింది.

మార్గం పూర్తికాకముందే సరుకు రవాణా ఊపందుకుంది. ఈ ప్రాంతపు క్వారీల్లో దొరికే గోధుమ, ఎరుపు రంగుల గ్రానైట్‌కు విదేశాల్లో మంచి గిరాకీ. పెద్ద పెద్ద దిమ్మెలను ఇక్కడా, గంగాధర స్టేషన్‌లోనూ వ్యాగన్లకెత్తి కాకినాడ రేవుకు పంపుతూ వచ్చారు. చాలాకాలం ఈ స్టేషన్ ప్రయాణికుల కంటే రాయికే ఎక్కువగా ఉపయోగపడింది.

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద 508 స్టేషన్ల పనులకు ఒకేసారి శంకుస్థాపన జరిగినప్పుడు కరీంనగర్ కూడా ఆ జాబితాలో ఉంది. కొత్త ముఖద్వారం, విశాలమైన పాదచారుల వంతెన, లిఫ్టులు, ఎస్కలేటర్లు, వెయిటింగ్ హాళ్లు, వాహనాలు నిలిపే చోటు అందుబాటులోకి వచ్చాయి. మెట్లెక్కలేని వృద్ధులకు, దివ్యాంగులకు లిఫ్టు వల్ల కలిగే మేలు ముఖద్వారపు హంగు కంటే ఎన్నో రెట్లు విలువైనది.

అయితే స్టేషన్ ఎంత బాగున్నా ఎక్కడానికి రైలుండాలి. హైదరాబాద్ వెళ్లే కరీంనగర్ వాసి నేటికీ రాజీవ్ రహదారి మీద బస్సునే నమ్ముకుంటాడు. రైలెక్కితే పెద్దపల్లి, కాజీపేట చుట్టి రావాలి, లేదా నిజామాబాద్ వైపు తిరగాలి. కాజీపేట–కరీంనగర్ రైళ్లకు పెద్దపల్లిలో ఇంజన్‌ను రెండో కొసకు మార్చక తప్పేది కాదు. ఆ ఆలస్యాన్ని తప్పించడానికే అక్కడ బైపాస్ లైను చేపట్టారు. తిరుపతి, ముంబయి వైపు ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నా రోజూ నడవవు.

ఈ చుట్టుతిరుగుడుకు అసలైన విరుగుడు 151 కిలోమీటర్ల మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం. 2016 ఆగస్టులో గజ్వేల్ సమీపంలో దీనికి శంకుస్థాపన జరిగింది. భూమిని ఉచితంగా ఇవ్వడంతో పాటు ఖర్చులో మూడో వంతు భరించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. 2023 అక్టోబరులో సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. అక్కడి నుంచి సిరిసిల్ల మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి చేరాలంటే మధ్య మానేరు నీళ్లను దాటే పొడవైన వంతెన కట్టాలి.

ఊళ్లోని అనుసంధానం మరో సంగతి. బస్టాండు నగరం నడిబొడ్డున, రైల్వే స్టేషన్ ఊరి అంచున ఉన్నాయి. చొప్పదండి దారిలో తీగలగుట్టపల్లి గేటు పడితే వాహనాలు బారులు తీరేవి. అందుకే అక్కడ రోడ్డు ఓవర్‌ బ్రిడ్జి చేపట్టారు. రైళ్ల వేళలకు తగ్గట్టు బస్టాండు–స్టేషన్ మధ్య సిటీ బస్సులు నడపడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు, ఆర్టీసీ, రైల్వే అధికారులు కలిసి కూర్చుంటే చాలు. కొత్తపల్లి మార్గం పూర్తయ్యేదాకా కనీసం ఈ చిన్న పనినైనా వాయిదా వేయకూడదు.